ఒక్కసారే అడిగే కోట

ఆ కాలు దుప్పట్లో పెట్టుకో ముందు. పెట్టుకున్నావా? ఇప్పుడు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే గోడకి చెప్పుకున్నట్టుంటుంది నాకు, మధ్యలో మానేస్తాను.

అనగనగా ఒక చెరువు. చెరువంటే మన వీధి చివర గుంట కాదే. ఈ గట్టున నిలబడితే ఆ గట్టున ఉన్న మనిషి చీమంత కనపడతాడు, అంత చెరువు. ఆ చెరువు కట్ట మీద ఒక కోట. మూడు వైపులా నీళ్లు, ఒక వైపు దారి. అందుకని దాన్ని నీటికోట అనేవాళ్లు. కట్టకి ఇవతల, పల్లంలో ఒక ఊరు. ఆ ఊరి పేరు దిగువపాడు.

దిగువపాడులో మనుషులు బంగారంలాంటివాళ్లు. కానీ ఊరంతటికీ ఒకటే జబ్బు. మొహమాటం. ఎవరింటికైనా వెళ్తే, "మజ్జిగ తాగుతావా?" అని అడుగుతారు కదా. "అబ్బే, ఇప్పుడే తాగొచ్చా" అనాలి. రెండోసారి అడిగితే, "ఎందుకండీ మీకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే అప్పుడు, "మీరంతగా అంటున్నారు కాబట్టి" అని చెంబెడూ తాగెయ్యాలి. అది వాళ్ల పద్ధతి. అడిగేవాళ్లకీ తెలుసు, అడిగించుకునేవాళ్లకీ తెలుసు.

పని మీద వెళ్లినా అంతే. "ఏం ఇలా వచ్చావు?" అంటే "ఏం లేదు, ఊరికే" అనాలి. ఆ తర్వాత పశువుల సంగతి, పిల్లల సంగతి అన్నీ అయ్యాక, మూడోసారి అడిగితే అప్పుడు మెల్లిగా, "మీ నాగలి ఒక్క పూట ఇస్తారేమోనని" అని నసగాలి. నవ్వుతావేంటి? మీ తాతయ్య అచ్చం ఇంతే. పెళ్లిచూపులకొచ్చి, మా నాన్న "పిల్ల నచ్చిందా అబ్బాయ్" అని అడిగితే, "ఏం లేదండీ, ఊరికే ఇటు వెళ్తూ ఆగాం" అన్నాడు. మా నాన్న మూడోసారి అడగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నువ్వెక్కడ, నేనెక్కడ.

ఆ ఊళ్ళో ముప్పమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. కట్ట కింద చిన్న మడిచెక్క ఉంది. అందులో పండిన గింజలే ఆ ముగ్గురికీ ఏడాది తిండి. ఊరందరికీ మొహమాటం ఒక పాలైతే ముప్పమ్మకి మూడు పాళ్లు. సొంత చెల్లెలింటికి వెళ్లినా ఆకు ముందు కూర్చుని చెయ్యి అడ్డం పెట్టేది. ఒకసారి ముల్లు గుచ్చుకుని మడమ వాచిపోతే, వైద్యుడు "ఏమైందమ్మా" అన్నాడు. "ఏం లేదు బాబూ" అని కుంటుకుంటూ ఇంటికొచ్చేసింది.

ఆ ఏడు వాన ఒక్కటి పడి మొహం చాటేసింది. ఆ ఒక్క వానకే అందరూ నారు పోసుకున్నారు. నారు మొలిచింది, జానెడు ఎత్తు లేచింది, ఆ తర్వాత పసుపు తిరగడం మొదలుపెట్టింది. చెరువులో మాత్రం నీళ్లు నిండుగా ఉన్నాయి. కట్ట అడుగున తూము ఉంది. దాని మూత ఎత్తితే చాలు, నీళ్లు గలగలమని కాలవలోకి వచ్చేస్తాయి. కానీ దొర చెప్పందే మూత ఎత్తకూడదు.

పూర్వం ఒక పెద్ద దొర ఉండేవాడు. ఆయనకి దిగువపాడు సంగతి బాగా తెలుసు. వీళ్లు చచ్చినా అడగరని ఆయనే కట్ట మీదకొచ్చి, మడుల వంక ఒకసారి చూసి, తూము తీయించేవాడు. అంతకు ముందేడు కోతలయ్యాక ఆయన కాలం చేశాడు. అప్పుడు కాచానాయకుడని కొత్త దొర వచ్చాడు.

చెడ్డవాడు కాదు పాపం. పాతికేళ్ల కుర్రాడు. పదేళ్లప్పట్నుంచీ సైన్యంలోనే పెరిగాడు. అక్కడ కదులు అంటే కదలాలి, ఆగు అంటే ఆగాలి. ఎవరూ ఏదీ రెండుసార్లు చెప్పరు. అందుకని కోటలో కాలు పెట్టిన రోజే ఒక ఆజ్ఞ వేశాడు. "ఈ కోటలో ఎవర్నయినా ఏదైనా ఒక్కసారే అడగాలి. వాళ్లేం చెప్తే అదే నమ్మాలి. రెండోసారి అడిగామంటే నువ్వు అబద్ధమాడుతున్నావు అన్నట్టే. అది అతిథికి అవమానం." వినడానికి బాగానే ఉంది కదా? నాకూ బాగానే అనిపించింది మొదట. ఇక తూము ఎప్పుడు తీయాలో అంటావా, సైన్యంలో అదెవరు నేర్పుతారు?

అప్పుడు ఊళ్ళో వాళ్లంతా కూర్చుని, పెద్దకాపు బేతయ్యని పంపించారు. బేతయ్యకి బుర్రమీసాలు, ఊళ్ళో మాట చెల్లుబాటయ్యే మనిషి. తలపాగా చుట్టుకుని, కిర్రుచెప్పులు వేసుకుని వెళ్లాడు. కోట గుమ్మం దగ్గర ఓబన్న అని కావలివాడు.

"ఏం పని మీద వచ్చారయ్యా?" అన్నాడు ఓబన్న.

"ఏం లేదు, ఊరికే కోట చూసి పోదామని" అన్నాడు బేతయ్య.

"అలాగా. భోజనం చేస్తారా?"

"అబ్బే, ఇప్పుడే అయింది."

బేతయ్య ఆగాడు. మీసం దువ్వుకున్నాడు. రెండో అడగడం కోసం ఎదురుచూశాడు. ఓబన్న అడగలేదు. "రండి మరి" అని, నిజంగానే కోట చూపించడం మొదలుపెట్టాడు. ఇది బురుజు అన్నాడు. ఇది గాదె అన్నాడు. ఇది ఏనుగుల సాల, ఇది గుర్రాల సాల, ఇది వేయిమందికి వండే వంటశాల అన్నాడు. వంటశాలలో గారెలు వేగుతున్నాయి. బేతయ్య ఆ గుమ్మం దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. ఆ తర్వాత ఓబన్న ఆయన్ని వెనక దారిని బయటికి తెచ్చి, దండం పెట్టి, తలుపు వేసుకున్నాడు.

ఊళ్ళోకొచ్చి బేతయ్య నిజం చెప్తాడా? పరువు కాదూ. "కోటంటే కోట. ఏం మర్యాద, ఏం భోజనం. గారెలే పన్నెండు వేశారు" అన్నాడు. "మరి నీళ్ల మాట?" అన్నారు జనం. "వెళ్లీ వెళ్లగానే అడిగేస్తే ఏం బావుంటుంది?" అన్నాడు. జనం కూడా అవునవును, ఏం బావుంటుంది అన్నారు. కానీ ఆ సాయంత్రం ముప్పమ్మ పొయ్యిలోకి నిప్పు కోసం వాళ్లింటికి వెళ్లింది. పన్నెండు గారెలు తిన్న మనిషి అంబలి గిన్నె ఎత్తి గటగటా తాగుతున్నాడు. ముప్పమ్మ చూసీ చూడనట్టు నిప్పు పట్టుకుని వచ్చేసింది. అడిగితే బాధపడతాడని మొహమాటం.

ఇంకో నాలుగు రోజులు గడిచాయి. నారు కొసలు ఎర్రబడ్డాయి. అప్పుడు పిల్లలకి చదువు చెప్పే అయ్యవారు లేచాడు. ఆయన తెలివైనవాడు. "నేను అడగను, పద్యంలో పెడతాను" అన్నాడు. రాత్రంతా కూర్చుని దొర మీద పద్యం రాశాడు. మూడు పాదాలు దొర పొగడ్త, నాలుగో పాదంలో నీళ్లు.

గుమ్మం దగ్గర ఓబన్న, "ఏం పని మీద వచ్చారు స్వామీ?" అన్నాడు.

అయ్యవారి నోట్లో పద్యం సిద్ధంగా ఉంది. కానీ అలవాటు అంతకంటే ముందే ఉంది. "ఏం లేదు నాయనా, ఊరికే చూద్దామని" అన్నాడు.

ఇంకేముంది, రండి అన్నాడు ఓబన్న. బురుజెక్కాక అయ్యవారు చెరువు వంక చూస్తూ, "నీళ్లు నిండుగా ఉన్నట్టున్నాయే" అని సన్నగా అన్నాడు. "అవును స్వామీ, మొసళ్లు కూడా ఉన్నాయి" అన్నాడు ఓబన్న. ఆయన పద్యం చివరికి ఏనుగుల సాలలో ఏనుగుకి చెప్పుకున్నాడు. అది చెవులతో పాటు తల కూడా ఊపింది. ఊళ్ళోకొచ్చి, "నా పద్యం విని తలూపారు" అన్నాడు. అబద్ధం కాదనుకో.

ఊఁ కొట్టు మరి. నిద్రొస్తోందా? ఇప్పుడే కదా అసలు సంగతి.

అప్పుడు ముప్పమ్మ తన నారుమడి దగ్గరికి వెళ్లింది. మట్టి నెర్రెలిచ్చింది. ఒక మొక్క లాగి చూసింది. వేరు ఇంకా తెల్లగానే ఉంది. రేపు సాయంత్రానికి నీళ్లొస్తే బతుకుతుంది, ఎల్లుండికైతే బతకదు. ఇంటికొచ్చేసరికి పెద్దపిల్ల గాదెలో అడుగున ఉన్న గింజలు చేటలోకి ఊడ్చి తెచ్చింది. "అమ్మా, ఇవి నువ్వు తిను, మాకు ఆకలి లేదు" అంది. పదేళ్ల పిల్ల. ముప్పమ్మ ఆ పిల్ల మొహం వంక చూసింది. నా జబ్బు దీనికీ వచ్చేసిందే అనుకుంది.

పొద్దున్నే కొంగు బిగించి బయల్దేరింది. దారంతా నోట్లో ఒకటే మాట. "దొరా, నీళ్లొదలండి. దొరా, నీళ్లొదలండి." గట్టు మీద గేదె కనపడితే దానికి చెప్పింది. చింతచెట్టుకి చెప్పింది. ఎదురొచ్చిన గొర్రెల మందకి చెప్తే అవి పక్కకి జరిగి దారిచ్చాయి. ఫరవాలేదు, వచ్చేసింది మాట అనుకుంది.

కోట గుమ్మం దగ్గర ఓబన్న, "ఏం పని మీద వచ్చావమ్మా?" అన్నాడు.

ముప్పమ్మ నోరు తెరిచింది. "ఏం లేదు బాబూ, ఊరికే కోట చూసి పోదామని" అంది.

అనేశాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఏం లాభం. "మీ ఊరివాళ్లకి కోట మీద ఎంత ప్రేమమ్మా" అన్నాడు ఓబన్న సంబరంగా. "భోజనం చేస్తావా?" అన్నాడు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు తాగలేదు మనిషి. "తినే వచ్చాను నాయనా" అంది. ఆ నోరుందే, అది ఆవిడ మాట వినదు.

ఓబన్న బురుజు చూపించాడు. పైకెక్కితే అటువైపు నీళ్లు, నీలంగా, నిండుగా, అలలు కొట్టుకుంటూ. ఇటువైపు కట్ట కింద మడులు, ఎండిన తాటాకు రంగులో. మధ్యన ఒక్క కట్ట అడ్డం. ముప్పమ్మకి తన మడిచెక్క కూడా కనపడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గాలికి దుమ్ము పడినట్టుందమ్మా" అన్నాడు ఓబన్న. "ఆఁ, దుమ్మే" అంది.

ఆ తర్వాత ఏనుగుల సాల చూపించాడు. ఏనుగు మావటివాడి చేతిలో ముద్ద ఉండగానే తొండంతో లాక్కుని తినేస్తోంది. నీకున్న బుద్ధి నాకు లేకపోయిందే తల్లీ అనుకుంది ముప్పమ్మ.

ఆ తర్వాత భోజనశాల పక్కనించి వెనక దారివైపు తీసుకెళ్తున్నాడు. ఇక అయిపోయింది, ఆ తలుపు దాటితే నీళ్లూ లేవు, నారూ లేదు. ముప్పమ్మ కాళ్లు ఈడుస్తూ నడుస్తోంది. అప్పుడు కిటికీలోంచి లోపల ఒక మనిషి కనపడ్డాడు.

పెద్ద శాలలో ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. మెడలో ముత్యాల పేరుంది, మెడ మాత్రం కాడలా ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. వడ్డించేవాడు గరిటెడు అన్నం వేశాడు. ఆ మనిషి మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నాడు. అంతే. వడ్డించేవాడు గిన్నె పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి గిన్నె వెళ్లిన దిక్కే చూస్తున్నాడు. ఆకు మీద మిగిలిన నాలుగు మెతుకులూ వేలితో ఏరుకుని తిన్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని వేలు కూడా నాకాడు.

"ఎవరా అబ్బాయి?" అంది ముప్పమ్మ.

"మా దొరగారు" అన్నాడు ఓబన్న. "చాలా మితంగా తింటారు. ఒక్కసారి చాలంటే మళ్లీ ముట్టరు."

ముట్టరా? పెడితే కదా ముట్టడం. ముప్పమ్మకి ఒళ్లు మండింది. తన ఆకలి ఓర్చుకుంటుంది గానీ, ఎదుటివాడి ఆకు ఖాళీగా ఉంటే ఆవిడ ఓర్చుకోలేదు. అది కూడా దిగువపాటి జబ్బే. నీళ్ల సంగతి మర్చిపోయింది, కోట సంగతి మర్చిపోయింది. గబగబా లోపలికి వెళ్లి, వంటశాల గుమ్మం దాకా వెళ్లిన వడ్డించేవాడి చేతిలో గిన్నె లాక్కుంది.

"చాలంటే మానేస్తార్రా? అన్నం పెట్టడం ఎవరు నేర్పారు మీకు?" అంది. వెళ్లి దొర ఆకులో గరిటెడు వేసింది.

"చాలమ్మా" అన్నాడు దొర బెదిరిపోయి.

"ఏం చాలు నాయనా. పక్కటెముకలు లెక్కపెట్టచ్చు." ఇంకో గరిటె వేసింది. పప్పు వేసింది, నెయ్యి వంపింది.

"వద్దమ్మా."

"ఇదొక్కటీ. నా మాట విను." గారెలు తెచ్చి వేసింది.

మూడోసారికి దొర అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. తలొంచుకుని తిన్నాడు. అలా తింటూనే ఉన్నాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి నుదురు మీద చెమట పట్టింది. కత్తులు పట్టుకున్న భటులు గుమ్మంలో నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నారు. దొరని రెండోసారి అడిగిన మనిషిని ఏం చెయ్యాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

తినడం అయ్యాక దొర ఆకు వంక చూస్తూ అన్నాడు. "నేను ఈ కోటకొచ్చి పది నెలలైందమ్మా. ఇవాళే కడుపు నిండింది. ఇంకా కావాలని అడుగుదామంటే, దొరని కదా, చిన్నతనమనిపించేది. వాళ్లేమో నా ఆజ్ఞ ప్రకారం మళ్లీ అడిగేవాళ్లు కాదు." చూశావా, మొహమాటం దిగువపాడు సొత్తేం కాదు. ఒప్పుకోని చోట ఇంకా ముదురుతుంది.

ఆ తర్వాత దొర, "నువ్వెవరమ్మా? ఏం పని మీద వచ్చావు?" అన్నాడు.

ఇదిగో, సరిగ్గా ఇదే కావాలి కదా మనకి. దొర ఎదురుగా ఉన్నాడు, కడుపు నిండి ఉన్నాడు, తనే అడుగుతున్నాడు. గేదెకి చెప్పిన మాట, గొర్రెలకి చెప్పిన మాట, ఒక్కసారి ఇక్కడ చెప్తే చాలు.

"ఏం లేదు బాబూ. ఊరికే, కోట చూసి పోదామని" అంది ముప్పమ్మ.

తల బాదుకోకు, వెంట్రుకలు చిక్కుపడతాయి. నేనూ అలాగే బాదుకున్నాను, మా అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడు. పిల్ల చేటలో ఊడ్చి తెచ్చిన గింజలు ముప్పమ్మకి కళ్లముందు కనపడ్డాయి.

"అలాగా" అన్నాడు దొర. లేవబోయాడు. సగం లేచినవాడు ఆగాడు. ఖాళీ అయిన ఆకు చూశాడు, ఆవిడ చేతిలో గరిటె చూశాడు. మళ్లీ కూర్చున్నాడు. జన్మలో ఎవర్నీ రెండోసారి అడిగి ఎరగడు.

"పోనీ, చెప్పమ్మా. ఎందుకొచ్చావు?"

"అబ్బే, ఎందుకు బాబూ మీకు శ్రమ" అంది ముప్పమ్మ.

భటులు ఊపిరి బిగబట్టారు. దొర వాళ్ల వంక చూడలేదు. ఆవిడ అన్నం పెట్టినప్పుడు ఎలా అందో అలాగే అన్నాడు. "శ్రమేం లేదు. నా మాట విను తల్లీ. చెప్పు."

అప్పుడు ముప్పమ్మకి ఏడుపొచ్చేసింది. "నీళ్లు బాబూ. నారు ఎండిపోతోంది. ఇవాళ తూము తీయకపోతే ఊరంతా పస్తే. నా పిల్లలు అప్పుడే ఆకలి లేదని అబద్ధాలు నేర్చుకుంటున్నారు" అంది, ఒక్క గుక్కలో.

దొర, "మొన్న మీసాలాయన వచ్చాడన్నారు. ఆ తర్వాత ఒక అయ్యవారు వచ్చాడన్నారు. వాళ్లు కోట చూడ్డానికి రాలేదా?" అన్నాడు.

"కోటనేం చూస్తారు బాబూ, రోజూ కనపడుతూనే ఉంటుందిగా" అంది ముప్పమ్మ.

దొర నెత్తి కొట్టుకున్నాడు. పెరుగన్నం చెయ్యి, నెత్తంతా మెతుకులు. చెయ్యి కూడా కడుక్కోకుండా అలాగే కట్ట మీదకి పరిగెత్తాడు. వెనకాల భటులు, వాళ్ల వెనకాల ఓబన్న, అందరి వెనకాల గరిటె పట్టుకుని ముప్పమ్మ. నలుగురు భటులు దిగి తూము మూత పట్టుకున్నారు. పట్టు దొరకలేదు. దొర కూడా దిగాడు, కడుపు నిండిన బలం కదా, ఒక్క ఊపుతో మూత లేచింది. నీళ్లు గలగలమంటూ కాలవలో పడ్డాయి. కింద ఊళ్ళోంచి కేకలు వినపడ్డాయి. బేతయ్య తలపాగా విప్పి ఊపడం కట్ట మీదికి కనపడింది.

ముప్పమ్మ కట్ట మీద కూర్చుని చూస్తోంది. నీళ్లు ఒక మడి దాటాయి, రెండు మడులు దాటాయి, తన మడిచెక్కలోకి తిరిగాయి. ఆవిడకి నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. ఉదయం నుంచీ ఏమీ తినలేదేమో, కళ్లు తిరుగుతున్నాయి కూడా.

దొర బురద కాళ్లతో పక్కకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, మరి నువ్వు తిన్నావా?" అన్నాడు.

"తినే వచ్చాను నాయనా" అంది ముప్పమ్మ.

దొర రెండోసారి అడగలేదు. వెనక్కి తిరిగి, "ఓబన్నా, అమ్మకి ఆకు వెయ్యి. పెద్దది" అన్నాడు. "ఆ పిల్లల్నీ కూడా తీసుకురా. ఆకలి లేదంటారు. నమ్మకు."

అంతేనే.

కథేమో కంచికి,
కాలవేమో చేనుకి,
ముద్దేమో నోటికి,
మొహమాటం ఏటికి,
మనమేమో ఇంటికి.